రెండు ముక్కల వీణ బుక్ చేసుకున్నవారికి

దండి (పొడవాటి మెడ), కుండ (గుండ్రటి బుర్ర) విడదీసి సంచిలో పెట్టుకుపోయే వీణను "మా కొత్త రకం" అని చెప్పి బొబ్బిలి దుకాణంలో అడ్వాన్సులు తీసుకున్నాం. ఆ మాట ఇక వాడం. చెన్నైలో, బెంగళూరులో ఇలాంటివి ఇప్పటికే అమ్ముతున్నారు. పేటెంట్ ఆలోచన కూడా మానేశాం. 1970 పేటెంట్ల చట్టం ప్రకారం వస్తువు కొత్తదై ఉండాలి. పాత పరిజ్ఞానాన్నే అటూ ఇటూ కలిపితే సెక్షన్ 3 ఒప్పుకోదు. ఆ ఖర్చు ధరలో కలిపాం కాబట్టి అంత మేరా తగ్గిస్తున్నాం.

వీణ మాత్రం చేస్తాం, కానీ ఇది ఏకాండి కాదు. బొబ్బిలి వీణకు ఏకాండి అన్న పేరు ఒకే పనస దుంగను తొలిచి చేయడం వల్ల వచ్చింది. అతుకున్నదాన్ని ఆ పేరుతో అమ్మం. కచేరీకైతే ఏకాండే కొనండి, ప్రయాణానికైతే ఇది చాలు.

తంటా అంతా అతుకు దగ్గరే. వానాకాలం పనస ఉబ్బి బిగుసుకుంటుంది, బలవంతంగా లాగితే అంచు చీలుతుంది. ఎండాకాలం కుంచించుకుని వదులవుతుంది. అప్పుడు ఏడు తీగల లాగుడికి దండి పైకి లేస్తుంది, గుర్రం (కుండ మీద తీగలను మోసే వంతెన) వైపు మెట్ల (తీగను నొక్కే కడ్డీల) మీద తీగ ఎత్తు పెరుగుతుంది, నొక్కితే స్వరం హెచ్చుతుంది. బిగించాక సారణి తీగను (వాయించే మొదటి తీగ) పన్నెండో మెట్టు మీద మీటండి. మెట్టు నొక్కని విడి తీగకు సరిగ్గా పైస్థాయి షడ్జం పలకాలి. తేడా వస్తే మెట్లు కదపకండి, ముందు అతుకు చూడండి.

విడదీసే ముందు తీగలన్నీ కొద్దికొద్దిగా వదులు చేయాలి. గుర్రాన్ని జిగురుతో అంటించం, తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. అందుకే దాని కాళ్ల చుట్టూ ముందే పెన్సిల్‌తో గీసుకోండి. మళ్లీ పెట్టేటప్పుడు వెంట్రుకవాసి జరిగినా ఇరవైనాలుగు మెట్లూ అపశ్రుతే. అతుకు దగ్గర, మెట్లు నిలబెట్టిన మైనం గట్టు అంచు పెళుసు, అక్కడ వేలు ఆన్చి లాగొద్దు.

ఎండలో ఆపిన కారులో మాత్రం వదిలేయకండి. తేనెమైనం అరవై డిగ్రీలు దాటాక కరుగుతుంది, అంతకంటే ముందే మెత్తబడి మెట్లు పక్కకు ఒరుగుతాయి. తిరిగి మేళం కట్టించడం (మైనంలో మెట్లు మళ్లీ అమర్చించడం) తప్ప దానికి మందు లేదు, ఆ ఖర్చు మీదే.

కొత్తదనం చూసి బుక్ చేసినవారికి అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాం. కొయ్య కోయకముందు చెప్పండి చాలు. ఏకాండికి మార్చుకుంటే అదే అడ్వాన్సు అందులో జమ.