ఓపీ మందుల కౌంటర్లో చెప్పేవాళ్లు కావాలి

చెన్నై ఆసుపత్రుల ఓపీ మందుల కౌంటర్లలో ఫార్మసిస్టుల పని చీటీ చూసి మందులు కవర్లో వేసి ఇవ్వడంతోనే సరిపోతోంది. పరిశోధనల్లో తేలిన హెచ్చరికలు రోగి దాకా రావడం లేదు. స్టెంట్ వేయించుకున్న మా నాన్నగారికి గుండె డాక్టరు రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, కడుపు మంటకు వేరే డాక్టరు ఒమెప్రజోల్ రాశారు. రెండోది మొదటిదాని పనితనాన్ని తగ్గిస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లోనే హెచ్చరించింది. అయినా నాలుగు నెలలు ఆ రెండు స్ట్రిప్పులూ ఒకే కవర్లో ఇచ్చారు, ఒక్కరూ అడగలేదు. చివరికి మా వీధి మెడికల్ షాపులో ఫార్మసిస్టు అమ్మాయి రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసి, “డాక్టరుగారిని ఒకసారి అడగండి” అంది. అడిగితే డాక్టరుగారు వెంటనే ఒమెప్రజోల్ బదులు పాంటోప్రజోల్ రాశారు. నెల్లూరు, చిత్తూరు నుంచి వచ్చేవాళ్ల అవస్థ ఇంకా ఎక్కువ. కవరు మీది తమిళం చదవలేక “తెల్ల మాత్ర పొద్దున, పసుపుది రాత్రి” అని గుర్తుపెట్టుకుని రైలెక్కుతున్నారు. రోగికి మందుల గురించి వివరించాలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలే చెబుతున్నాయి. ప్రతి ఓపీ కౌంటరు పక్కన ఫార్మ్‌డీ (మందుల వాడకంపై ఉన్నత కోర్సు) చదివిన ఒకరిని కూర్చోబెట్టి, రోగి చీటీలన్నీ కలిపి చూసే పని అప్పగించాలి. అనుమానం వస్తే డాక్టరుకు నేరుగా ఫోన్ చేసే వీలుండాలి. మోతాదు తెలుగులోనూ రాసివ్వాలి.

– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై