వరద ఏడాదిలో మన కబుర్లు: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో వీధి దీపాలు, డ్రైనేజీ, వినాయక చవితి పందిరి, జమాఖర్చులు వరసగా రాసుకుంటాం. ఈసారి వాటికి చివర్లో కాస్త చోటు మాత్రమే ఇస్తున్నాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం విజయవాడలో బుడమేరు వాగు మన వీధుల్లోకి వచ్చింది. ఆ తర్వాత మన కాలనీ సంఘం చేసిన పనంతా ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. మనం ఒకరికొకరం కబురు ఎలా చేరవేసుకోవాలి, వచ్చిన కబురు నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి. కార్యదర్శిగా నేను ముందు దాని గురించే చెప్పాలి.

ముందు రోజంతా మన వాట్సాప్ గ్రూపు నిండా వాన వీడియోలే. బుడమేరు నీటిని అదుపు చేసే గేట్లున్న వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర వరద ఎంతుందో చెప్పే మెసేజ్ ఒక్కటీ లేదు. బుడమేరు మళ్లింపు కాలువ నీళ్లు కృష్ణలో కలవాలి. ఆ రోజుల్లో కృష్ణే పోటెత్తి ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల దాకా వెళ్లింది. నది నిండుగా ఉంటే కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? ఈ లెక్క మనలో చాలామందికి తెలియదు. 2005 వరద చూసిన పెద్దలు "అప్పుడు గుమ్మం దాకానే వచ్చింది" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, చూసిందే చెప్పారు. ఆ ధైర్యంతోనే కొన్ని ఇళ్లలో బియ్యం, బీరువా కింది అంతస్తులోనే ఉండిపోయాయి.

ఆదివారం కరెంటు పోయింది. సాయంత్రానికి ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గ్రూపులో అందరం ఉన్నాం, మాట్లాడుకునే దారి మాత్రం లేదు. డాబా మీద నుంచి డాబా మీదకి అరిచి చెప్పుకున్నాం. రెండో వీధి చివరింటి అక్క గోడ క్యాలెండర్ కాగితం చించి, దాని వెనక పెన్నుతో రాయడం మొదలుపెట్టింది: ఏ ఇంట్లో ఎంతమంది, పసిపిల్లలు ఎక్కడ, షుగర్ మందులు ఎవరికి కావాలి, ఎవరి ఫోన్లో ఇంకా చార్జింగ్ ఉంది. నాలుగు శాతం చార్జింగ్ ఉన్న ఒక ఫోన్‌ను పడవలకు కబురు పెట్టడానికే ఉంచాం. ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆ క్యాలెండర్ కాగితం ఇప్పుడు సంఘం రికార్డుల్లో భద్రంగా ఉంది. చెమ్మకు ఇంకు కొంచెం అలుక్కుంది గానీ చదవడానికి వస్తుంది.

మరుసటి రోజు మరో సంగతి బయటపడింది. హైదరాబాదులో, అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలు సాయం కోరుతూ మెసేజ్‌లు పెట్టారు. వాళ్ల ఆదుర్దాను తప్పు పట్టలేం. కానీ చాలా మెసేజ్‌లలో "మా అమ్మానాన్న సింగ్‌నగర్‌లో చిక్కుకున్నారు, ప్లీజ్ షేర్" అని మాత్రమే ఉంది. ఏ వీధి, ఏ ఇల్లు, ఎంతమంది, ఏ రోజు ఏ టైముకి రాశారు, ఏదీ లేదు. ఒక కుటుంబం బయటపడిన రెండు రోజుల తర్వాత కూడా వాళ్ల మెసేజ్ తిరుగుతూనే ఉంది. ఖాళీ ఇంటి ముందుకి పడవ వచ్చి పిలిచి వెళ్లింది. ఆ పక్క సందులో తాగే నీళ్ల కోసం ఎదురుచూస్తున్న ఇల్లు ఒకటి ఉంది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

పత్రికల్లో పనిచేసి రిటైరైన మన సభ్యుడొకరు అక్టోబరు సమావేశంలో దీని మీదే గంటసేపు మాట్లాడారు. విలేకరికి మొదటి రోజు నేర్పేది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనేనని చెప్పారు. 1974 ఆగస్టు 10న విశాఖలో ఈనాడు మొదలైనప్పటి సంగతీ గుర్తుచేశారు. అంతకుముందు అక్కడికి తెలుగు పత్రికలు బయటి ఊళ్ల నుంచి ఆలస్యంగా చేరేవి. ఈనాడు తెల్లారకముందే గుమ్మంలో పడేది. తర్వాత జిల్లాకో అనుబంధం పెట్టి మన పక్క వీధి వార్త కూడా వార్తేనని చూపించింది. ఆయన మాట నాకు ఇలా అర్థమైంది: కాలనీ వార్తకి విలేకరి రాడు, మనమే విలేకరులం. అలాంటప్పుడు విలేకరి జాగ్రత్తలూ మనమే తీసుకోవాలి.

ఆ జాగ్రత్త ఎలా ఉంటుందో మనం అప్పటికే ఒకసారి చూశాం. గండ్లు పూడ్చి, నీళ్లు తీసి, ఇళ్లు కడుక్కుంటున్న రోజుల్లో ఒక రాత్రి వాయిస్ మెసేజ్ వచ్చింది. "బుడమేరు మళ్లీ తెగింది, పారిపోండి." గొంతు ఎవరిదో తెలియదు. పది నిమిషాల్లో సంచులతో, పిల్లలతో జనం రోడ్డెక్కారు. మన కోశాధికారి కవులూరు వైపున్న బావమరిదికి ఫోన్ చేశారు. ఆ బావమరిది బండి మీద బుడమేరు కట్ట దగ్గరికి వెళ్లి వీడియో తీశారు. "టైము పదీ నలభై. నేను కట్ట మీదే ఉన్నా. చూడండి, నీళ్లు కిందే ఉన్నాయి." అందులో మనిషి, చోటు, టైము, కంటికి కనిపించే రుజువు అన్నీ ఉన్నాయి. అది గ్రూపులో పెట్టాక జనం వెనక్కి వచ్చారు. వదంతి పెట్టినవాళ్లని తిట్టడంలో మనం టైము వృథా చేయలేదు. నేను గర్వపడేది ఈ విషయంలోనే.

అక్టోబరు నుంచి గ్రూపుని రెండుగా చేశాం. ఒకటి ముచ్చట్లకి. రెండోది కాలనీ సమాచారానికి, అందులో కమిటీలోని నలుగురే రాస్తారు. ప్రతి మెసేజ్‌లో తేదీ, టైము, ఎవరు చూశారు అన్నవి ఉండాలి. పని అయిపోగానే "పూర్తయింది" అని రాయాలి. రెండు బాణాల గుర్తున్న ఫార్వర్డు అందులో పెట్టకూడదు. చాలా చేతులు మారి వచ్చిన మెసేజ్‌కి ఆ గుర్తు పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వాట్సాప్ దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. మొదట్లో కొందరు సభ్యులు "మా నోరు నొక్కేశారు" అని నొచ్చుకున్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఆ నలుగురిలో ఉన్నారు.

వరదలో కుట్టుమిషన్లు, గ్రైండర్లు పాడైన అక్కచెల్లెళ్ల వ్యాపారాలు మళ్లీ నిలబెట్టడానికి చేసిన ప్రయత్నం గురించీ చెప్పాలి. పచ్చళ్లు, పొడులు చేసేవాళ్లకి వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టించాం. మొదట "వరద బాధితులం, కొనండి" అని పెట్టారు. జనం ఒకసారి జాలితో కొన్నారు, రెండోసారి అడగలేదు. తర్వాత ఆ మాట తీసేసి, గోంగూర పచ్చడి ఏ రోజు పట్టారు, ఏ నూనె, అరకిలో ఎంత, డెలివరీ ఎప్పుడు అని రాయించాం. పగటి వెలుతురులో జాడీ మూత తీసి ఫోటో తీయించాం. ఆర్డర్లు నెలనెలా రావడం మొదలైంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ కూడా చేయించాం. చిన్న వ్యాపారానికి అప్పుడు ఏడాదికి 100 రూపాయలే ఉండేది.

సహాయ నిధికి వచ్చిన డబ్బులో ఒక పొరపాటు జరిగింది. యూపీఐ స్క్రీన్‌షాట్ చూసి రసీదు ఇచ్చేశాం. నెలాఖరున స్టేట్‌మెంట్‌తో సరిచూస్తే కొన్ని మొత్తాలు ఖాతాలో పడనే లేదు. అప్పటి నుంచి ఖాతాలో కనిపించాకే రసీదు. ప్రతి నెలా 5వ తేదీన జమాఖర్చుల కాగితం సంఘం ఆఫీసు తలుపుకి అంటిస్తున్నాం, సమాచారం గ్రూపులో ఫోటో పెడుతున్నాం. లెక్క కనిపించాక చందా అడగడానికి గుమ్మం ఎక్కాల్సిన పని తగ్గింది.

జనవరిలో మన పెద్దాయనొకరికి పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ వచ్చింది. "డిజిటల్ అరెస్ట్" అని చెప్పి మోసగాళ్లు మూడు గంటలు ఫోన్ ముందే గదిలో కూర్చోబెట్టారు. కోడలు టీ ఇవ్వడానికి వెళ్లి ఆయన ముఖం చూసి అనుమానపడింది కాబట్టి డబ్బు పోలేదు. అలాంటి అరెస్టు చట్టంలో ఎక్కడా లేదు. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరు ప్రతి ఇంటి తలుపు వెనక స్టిక్కర్‌గా అంటించాం. చిరిగిపోతే ఆఫీసులో అడిగి తీసుకోండి.

జనవరి 30న మొదలైన ప్రభుత్వ వాట్సాప్ సేవ "మన మిత్ర" వాడటం ఆదివారాల్లో కుర్రాళ్లు నేర్పుతున్నారు. వీధి దీపాల పని పూర్తయింది. మూడో వీధి డ్రైనేజీ సగంలో ఉంది. ఈసారి చవితికి పందిరి వేయలేదు, దాని కోసం పోగైన డబ్బు మందులకి ఖర్చయింది. వివరాలు జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి.

జూన్‌లో వానలు మొదలయ్యేలోపు ఇంటింటి జాబితా కొత్తగా రాయాలి. ఈసారీ కాగితం మీదే, రెండు కాపీలు. ఒకటి ఆఫీసులో, రెండోది ఎత్తైన డాబా ఉన్న ఇంట్లో. వీధికి ఇద్దరు కావాలి. పేర్లు ఈ సమావేశంలోనే ఇవ్వండి. క్యాలెండర్ మీద రాసిన అక్క తమ వీధికి ఇప్పటికే ఒప్పుకుంది.

మీ కార్యదర్శి