బేకరీ, పేస్ట్రీ పనితో వలస ఆలోచనలో ఉన్నవాళ్లకి

అందరికీ నమస్కారం. ఈ వారం ఎక్కువమంది అడిగింది ఒకటే: "వీసా దరఖాస్తులో వృత్తి దగ్గర బేకర్ అని పెట్టాలా, పేస్ట్రీ చెఫ్ అని పెట్టాలా?" ఏజెంట్ చెప్పాడని ఏదో ఒకటి పెట్టేయకండి. మీ చేతులు రోజూ చేసే పనే దాన్ని తేల్చాలి.

ఒక్కో వృత్తికి ఒక్కో కోడ్ ఉంటుంది. ఆస్ట్రేలియా పాత వృత్తుల జాబితా (ANZSCO)లో బేకర్‌ది 351111, పేస్ట్రీకుక్‌ది 351112. బ్రెడ్, రోల్స్ చేసేవాళ్లు మొదటిదాంట్లోకి, కేకులు, బిస్కెట్లు, పేస్ట్రీలు చేసేవాళ్లు రెండోదాంట్లోకి వస్తారు. కెనడా వృత్తుల జాబితాలో బేకర్లు 63202లో ఉంటే, పేస్ట్రీ చెఫ్‌లను చెఫ్‌లతో కలిపి 62200లో చూస్తారు.

కెనడా ఫెడరల్ స్కిల్డ్ ట్రేడ్స్ మార్గానికి (చేతిపని వచ్చినవాళ్లు అక్కడ శాశ్వతంగా స్థిరపడే దారి) డిగ్రీ తప్పనిసరి కాదు, చాలామందికి ఈ సంగతే తెలియదు. గత 5 ఏళ్లలో 2 ఏళ్ల ఫుల్‌టైమ్ అనుభవం, ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్ పరీక్ష, దాంతోపాటు కనీసం ఏడాది జాబ్ ఆఫర్ గానీ అక్కడి ట్రేడ్ సర్టిఫికెట్ (ఆ పనికి అర్హత ఉందని అక్కడి అధికారులు ఇచ్చే పత్రం) గానీ కావాలి. నిజానికి కష్టమంతా ఈ చివరిదాంట్లోనే ఉంది.

మీ యజమాని ఇచ్చే అనుభవం లెటర్ మీద శ్రద్ధ పెట్టండి, దయచేసి. "కష్టపడే మనిషి, నమ్మకస్తుడు" అని రాస్తే ఏం ఉపయోగం? పిండి కలపడం, పులియబెట్టడం, క్రోసాంట్‌కి వెన్న పెట్టి మడతలు వేయడం, ఓవెన్ టెంపరేచర్ చూసుకోవడం, ఇలా పనులు విడివిడిగా ఉండాలి. వారానికి ఎన్ని గంటలో కూడా ఉండాలి. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దానికి సరిపోవాలి. జీతం చేతికి నగదుగా తీసుకుంటున్నవాళ్లు ఈ నెల నుంచే బ్యాంకులో వేయమని అడగండి.

జాబితాలు, నిబంధనలు మారుతుంటాయి. డబ్బు కట్టేముందు ప్రభుత్వ సైట్‌లో ఒకసారి చూడండి. లెటర్ డ్రాఫ్ట్ ఉంటే ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. కలిసి సరిచేద్దాం.