నీళ్ళు దొరికాయి సరే, ఏ నీళ్ళో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో అంగారకుడి మీద నీళ్ళు దొరికాయని పెద్ద అక్షరాలతో వేశారు, పక్కనే గుడ్లగూబ కళ్ళతో పచ్చ రంగు ఏలియన్ బొమ్మ కూడా పెట్టారు. నేనైతే చదివి పేజీ తిప్పేసేవాణ్ణే, కానీ 7వ తరగతి చదివే మా అమ్మాయి నా భుజం మీంచి తొంగి చూసి "నాన్నా, పోయినేడు కూడా దొరికాయన్నారు కదా, మధ్యలో మళ్ళీ ఎటు పోయాయి?" అంది. నవ్వొచ్చింది గానీ జవాబు రాలేదు. తర్వాత ఆలోచిస్తే అదేం పిచ్చి ప్రశ్న కాదు, తిరకాసంతా ఈ వార్తలు రాసే తీరులోనే ఉంది అనిపించి ఈ లెటర్ రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఎక్కడ కావాలంటే అక్కడ కత్తిరించుకోండి.

నీళ్ళు అనగానే మనకి గ్లాసులో పోసుకునేవే గుర్తొస్తాయి. సైంటిస్టులు నీళ్ళు అన్నప్పుడు అది ఆవిరి కావచ్చు, గడ్డకట్టిన మంచు కావచ్చు, రాయిలో ఖనిజంతో పెనవేసుకుపోయిన అణువులు కావచ్చు, లేదంటే నిజంగానే పారే నీళ్ళు కావచ్చు. జీవం సంగతి వచ్చేసరికి ఈ చివరిదే అసలు లెక్క, ఎందుకంటే రసాయనాలు ఒకదాన్నొకటి కలుసుకుని ఏదో ఒకటి జరగాలంటే అవి కరిగి తిరగడానికి ద్రవం ఉండాలి, మంచులో అన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి, ఆవిరిలో చెల్లాచెదురైపోతాయి. 2008లో వెళ్ళిన చంద్రయాన్-1 మీద పెట్టిన ఒక నాసా పరికరం చందమామ నేలలో నీటి జాడ పట్టింది, 2009లో ఆ సంగతి బయటపెట్టారు, గొప్ప విషయమే, కాకపోతే అది మట్టి రేణువుల్ని పట్టుకుని ఉన్న తడి లాంటిది, చేత్తో తాకినా తెలియదు. అంతెందుకు, సూర్యుడికి అన్నిటికంటే దగ్గరున్న బుధ గ్రహం మీద కూడా ధ్రువాల దగ్గర ఎండ పొడ తగలని గుంటల్లో మంచు ఉంది. అక్కడ ఎవరో కాపురముంటున్నారని ఎవరూ అనట్లేదు కదా.

ఇక మార్స్ సంగతి. దీని మీద నీళ్ళు ఎన్నిసార్లు దొరికాయో లెక్కపెడితే మా అమ్మాయి ప్రశ్న ఎంత న్యాయమైందో మీకే తెలుస్తుంది. 1877లో షియపరెల్లి అనే ఇటలీ ఆయన టెలిస్కోపులో గీతలు చూసి వాటిని కెనాలీ అన్నాడు, వాళ్ళ భాషలో ఆ మాట సహజంగా ఏర్పడ్డ పాయలకి కూడా వాడతారట, ఇంగ్లీషులోకి వచ్చేసరికి అవి తవ్విన కాలవలైపోయాయి. కాలవలుంటే తవ్వినవాళ్ళు ఉండాలిగా, అమెరికాలో పెర్సివల్ లోవెల్ ఎండిపోతున్న గ్రహం మీద ధ్రువాల నుంచి నీళ్ళు మళ్ళించుకుంటున్న జనం ఉన్నారని పుస్తకాలే రాసేశాడు. 1965లో మారినర్ 4 అనే నాసా నౌక ఆ గ్రహం దగ్గరికెళ్ళి ఓ 20 చిల్లర ఫోటోలు పంపిస్తే ఒక్క కాలవ లేదు, అన్నీ గుంటలే. అంతా నిరాశపడి ఊరుకున్నారు, మళ్ళీ 1971లో మారినర్ 9 వెళ్తే ఎండిపోయిన నదుల దారులు కనిపించాయి, అంటే ఒకప్పుడు పారాయన్నమాట. 2008లో అక్కడ దిగిన ఫీనిక్స్ అనే నాసా ల్యాండర్ మట్టి గీకి మంచుగడ్డని నేరుగా చూపించింది. 2015లో కొండవాలుల మీద వేసవిలో నల్లగా సాగే చారలు ఉప్పునీళ్ళ వల్లేనని నాసా ప్రెస్ మీట్ పెట్టి చెప్పింది, ప్రపంచమంతా మొదటి పేజీ వార్త. రెండేళ్ళకి 2017లో ఇంకొందరు కొలిచి చూస్తే ఆ చారలు పొడి ఇసుక జారేంత నిటారుగా ఉన్న చోటే వస్తున్నాయి, వాలు తగ్గగానే ఆగిపోతున్నాయి, నీళ్ళయితే కిందికి ఇంకా పారాలి కదా, కాబట్టి అది ఇసుకే అయ్యుండొచ్చన్నారు. ఇది ఏ పేపర్లో అయినా మొదటి పేజీలో వచ్చిందా అంటే నాకైతే కనబడలేదు.

అక్కడితో అయిపోలేదు. 2018లో యూరప్ వాళ్ళ మార్స్ ఎక్స్‌ప్రెస్ రాడార్ దక్షిణ ధ్రువం మంచు కింద కిలోమీటరున్నర లోతులో 20 కిలోమీటర్ల వెడల్పు చెరువు ఉందంది, తర్వాత కొందరు అది బంకమట్టి అయినా రాడార్‌కి అలాగే మెరుస్తుందన్నారు, ఇంకా తేలలేదు. 2024లో, మార్స్ మీద దిగిన ఇన్‌సైట్ అనే నాసా ల్యాండర్ నమోదు చేసిన భూకంపాల (మార్స్‌కంపాలు అనాలేమో) అలల్ని లెక్కగట్టి 11 నుంచి 20 కిలోమీటర్ల లోతున రాతి పగుళ్ళలో నీళ్ళు ఉండొచ్చన్నారు. ఉండొచ్చు. ఈ ఉండొచ్చు అన్న మాట హెడ్‌లైన్ దాకా వచ్చేసరికి దారిలో ఎక్కడో రాలిపోతుంది, నా గొడవంతా అదే.

అసలు మార్స్ పైభాగంలో నీళ్ళు ఎందుకు నిలవవో ఒక్క వాక్యం రాస్తే చాలు పిల్లలకి అర్థమైపోతుంది. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదు. అంత తక్కువ ఒత్తిడిలో మంచు కరిగీ కరగకముందే ఆవిరైపోతుంది, గుంటలో పోసినా కాసేపటికి మిగలదు. ఒకప్పుడు నదులున్నాయంటే ఒకప్పుడు దట్టమైన గాలి కూడా ఉండి ఉండాలి, అదంతా చాలావరకు అంతరిక్షంలోకి జారిపోయింది. కాబట్టి మార్స్ మీద వెతుకుతున్నది ఎక్కువగా ఇప్పుడు బతికున్నవాటిని కాదు, ఎప్పుడో బతికినవాటి ఆనవాళ్ళని.

ఆ ఆనవాళ్ళు కూడా ఎంత మోసం చేస్తాయో వైకింగ్ కథ చూడండి. 1976లో వైకింగ్ అనే పేరుతో రెండు నాసా ల్యాండర్లు మార్స్ మీద దిగాయి, ఒక పరీక్షలో మార్స్ మట్టి మీద పోషకాలు కలిపిన నీటి చుక్కలు వేస్తే గ్యాస్ వచ్చింది, మన మట్టిలో బ్యాక్టీరియా తిని వదిలితే ఎలా వస్తుందో అలాగే. ఆ పరీక్ష చేయించిన గిల్బర్ట్ లెవిన్ జీవం దొరికిందనే అన్నాడు. కానీ రెండోసారి చుక్కలు వేస్తే గ్యాస్ పెరగలేదు, పైగా ఇంకో పరికరం ఆ మట్టిలో కర్బన పదార్థమే కనబడట్లేదంది, తినేవాడి ఒళ్ళే లేనప్పుడు తిన్నదెవరు? సరే ఏదో మట్టి రసాయనం అని మూసేశారు. 32 ఏళ్ళ తర్వాత ఫీనిక్స్ ఆ నేలలో పర్‌క్లోరేట్ అనే ఉప్పుని కనిపెట్టింది, అది ఉన్న మట్టిని వేడిచేస్తే కర్బన పదార్థం కాలిపోతుంది, వైకింగ్ పరికరం చేసింది సరిగ్గా వేడిచేయడమే! అంటే అప్పుడు కనబడలేదంటే లేదని కాదు, వెతికే పద్ధతే దాన్ని తగలబెట్టి ఉండొచ్చు. లెవిన్ 2021లో పోయారు, చివరిదాకా తన మాట మీదే ఉన్నారు. ఆయన మాట నిజమని చాలామంది ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను, కానీ ఏ హెడ్‌లైన్ కంటే ఈ కథే నాకు ఎక్కువ నచ్చుతుంది, మీరు ఆదివారం ఒక పేజీ ఇచ్చి పూర్తిగా వేస్తే పిల్లలు కూడా వదలకుండా చదువుతారు.

ఇంకో విచిత్రం ఏంటంటే జీవం గురించి అడిగితే చాలామంది సైంటిస్టులు ఇప్పుడు మార్స్‌తో పాటు, ఒక్కోసారి దానికంటే ముందు, శని చందమామ ఎన్‌సెలాడస్ పేరు చెప్తున్నారు. దీని గురించి మన పేపర్లలో రావడం చాలా తక్కువ. అడ్డంగా 500 కిలోమీటర్లే, సూర్యుడి నుంచి అంత దూరంలో ఉన్న మంచు ముద్ద, దాన్ని పట్టించుకున్నవాళ్ళే లేరు. 2005లో శని చుట్టూ తిరుగుతున్న క్యాసినీ అనే నౌక చూస్తే దక్షిణ ధ్రువం దగ్గర పులిచారల్లా పగుళ్ళు, ఆ పగుళ్ళలోంచి పిచికారీ కొట్టినట్టు నీటి ఆవిరీ మంచు పొడీ అంతరిక్షంలోకి చిమ్ముతున్నాయి. అది తన చుట్టూ తిరుగుతున్నంతసేపూ శని దాన్ని గుంజుతూ వదులుతూ ఉండటం వల్ల లోపల వేడి పుట్టి మంచు కింద సముద్రం గడ్డకట్టకుండా ఉంది. అంటే తవ్వక్కర్లేదు, సముద్రమే శాంపిల్ పైకి పంపిస్తోంది, క్యాసినీ ఆ జల్లులోంచి ఎగురుకుంటూ వెళ్ళింది, 2015లో అయితే నేలకి 49 కిలోమీటర్ల ఎత్తులోనే వెళ్ళింది. ఉప్పు దొరికింది, కర్బన పదార్థాలు దొరికాయి, హైడ్రోజన్ దొరికిందని 2017లో చెప్పారు, ఫాస్ఫేట్ ఉందని పాత డేటాలోంచే 2023లో తేలింది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ లెక్క ప్రకారం సెకనుకి దాదాపు 300 కిలోల నీళ్ళు బయటికి పోతున్నాయి.

హైడ్రోజన్‌కి ఎందుకంత సందడో చెప్పాలి. 1977లో ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి గలపాగోస్ దగ్గర రెండున్నర కిలోమీటర్ల లోతుకి దిగింది, వేడినీటి ఊటలు వెతకడానికి. ఆ బృందంలో ఉన్నది భూగర్భ శాస్త్రం వాళ్ళు, జీవశాస్త్రజ్ఞుడు ఒక్కడూ లేడు, అక్కడ ప్రాణులు ఉంటాయని ఎవరూ అనుకోలేదు కాబట్టి. తీరా చూస్తే చీకట్లో ఊటల చుట్టూ ఆల్చిప్పలు, మనిషంత పొడుగు గొట్టం పురుగులు, ఓ ఊరే ఉంది. వాటికి కూడు పెట్టేది ఎండ కాదు, రాతిలోంచి వచ్చే రసాయనాల మీద బతికే సూక్ష్మజీవులు. హైడ్రోజన్ ఇలాంటి సూక్ష్మజీవులకి అన్నం లాంటిది. అందుకే ఎన్‌సెలాడస్ జల్లులో అది కనబడగానే సైంటిస్టులు అంత ఉలిక్కిపడ్డారు. అన్నం వండి పెట్టి ఉంది, తినేవాళ్ళున్నారో లేదో తెలియదు. ఆ మాటకొస్తే, తినేవాళ్ళు గట్టిగా ఉంటే అంత అన్నం మిగిలి ఉండకూడదు కదా అని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు, అదీ ఆలోచించాల్సిందే.

బృహస్పతి చందమామ యూరోపా కూడా ఇలాంటిదే, ఇంకా పెద్దది, మంచు కింద భూమి సముద్రాలన్నీ కలిపినదానికి రెట్టింపు నీళ్ళు ఉన్నాయని అంచనా. దాన్ని చూడటానికి యూరోపా క్లిప్పర్ అనే నాసా నౌక 2024 అక్టోబర్ 14న బయల్దేరింది, 2030 ఏప్రిల్‌లో చేరుతుంది, 49 సార్లు దగ్గరగా పోయి వస్తుంది. ఒక్క మనవి, అది చేరిన రోజు జీవం కోసం వేట మొదలు అని రాయకండి, ఆ మిషన్ పని అక్కడ జీవం బతకడానికి వీలుందా అని చూడటం, జీవాన్ని పట్టుకోవడం కాదు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరమో పైన చెప్పాను.

ఇప్పుడు సూర్యుడి కుటుంబం దాటి బయటికెళ్తే మన వార్తలకి ఇక పట్టపగ్గాలుండవు. 124 కాంతి సంవత్సరాల దూరంలో కె2-18బి అనే గ్రహం ఉంది, 2019లో హబుల్ టెలిస్కోప్ డేటా చూసి అక్కడి గాలిలో నీటి ఆవిరి ఉందన్నారు, నివాసయోగ్య గ్రహం మీద నీళ్ళు అని అన్ని చోట్లా వచ్చింది. 2023లో జేమ్స్ వెబ్ ఇంకా నిశితంగా చూస్తే స్పష్టంగా కనబడింది మీథేనూ కార్బన్ డయాక్సైడూ, అప్పట్లో నీటి ఆవిరి అనుకున్న జాడ చాలావరకు మీథేన్ అయ్యుండాలి. మళ్ళీ 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్‌లో పనిచేసే నిక్కు మధుసూదన్ బృందం అక్కడ డైమిథైల్ సల్ఫైడ్ జాడ ఉండొచ్చంది, మన భూమి మీద అది ఎక్కువగా సముద్రపు నాచు లాంటి సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. అంతే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఆ గ్రహం మీద సముద్రాలు, చేపలు కూడా గీసేశారు. ఆ బృందమే తమ లెక్క 3 సిగ్మా అంది, అంటే ఊరికే కాకతాళీయంగా అలా కనబడే అవకాశం 0.3 శాతం, కనిపెట్టాం అని చెప్పాలంటే 5 సిగ్మా కావాలి. వేరే బృందాలు అదే డేటా తీసుకుని చూస్తే తమకి ఆ జాడ గట్టిగా కనబడలేదన్నాయి. పైగా అదే పదార్థం 67పి అనే తోకచుక్కలో కూడా ఉంది, తోకచుక్కలో నాచు పెరగదు కదా. మధుసూదన్ గారిని తప్పు పట్టట్లేదు, ఆయన జాగ్రత్తగానే మాట్లాడారు. నివాసయోగ్య మండలం అన్న మాట కూడా అంతే, నక్షత్రం నుంచి నీళ్ళు ద్రవంగా ఉండగలిగే దూరం అని దాని అర్థం, ఇల్లు కట్టుకోవచ్చని కాదు. మన శుక్రుడు ఆ మండలం అంచున ఉన్నాడు, పైన సీసం కరిగే వేడి.

ఇంతకీ నేను అడిగేది చిన్నదే. 2021లో నాసా వాళ్ళు నేచర్ పత్రికలో జీవం ఆనవాళ్ళ వార్తలకి 7 మెట్ల కొలబద్ద ఒకటి ప్రతిపాదించారు. మొదటి మెట్టు ఏదో సంకేతం కనబడటం, రెండోది పరికరంలోనో మన దగ్గరి నుంచో అంటుకున్నది కాదని తేల్చుకోవడం, తర్వాత ఆ చోట జీవం అలాంటి సంకేతం ఇవ్వగలదా అన్నది, నాలుగోది జీవం లేకుండా అది వచ్చే దారులన్నీ మూసేయడం, పైన వేరే వేరే పరికరాలతో, వేరే వేరే మనుషులు నిర్ధారించడం. మీరు వార్త వేసినప్పుడల్లా కింద ఒక చిన్న డబ్బాలో ఇది ఎన్నో మెట్టు అని వేయండి. దాని పక్కనే ఆవిరా, మంచా, రాతిలోదా, పారేదా అని ఒక్క మాట. వాతావరణం కాలమ్‌లో ఉష్ణోగ్రతలు వేసినట్టే, పెద్ద పనేం కాదు. మార్స్ మీద పర్సెవరెన్స్ రోవర్ తవ్విన చిరుతపులి మచ్చల రాయి వార్త 2025 సెప్టెంబర్‌లో వచ్చింది చూడండి, జెజెరో అనే పెద్ద గుంట దగ్గర ఒకప్పటి నదీ లోయలో, ఇనుము ఫాస్ఫేటూ ఇనుము సల్ఫైడూ కలిసిన మచ్చలు, ఇప్పటిదాకా మార్స్ మీద దొరికినవాటిలో నాకు అన్నిటికంటే ఆశ పుట్టించింది అదే. కానీ అది సూక్ష్మజీవుల పనో కాదో తేల్చాలంటే ఆ ముక్క భూమ్మీద ల్యాబ్‌కి రావాలి, తెచ్చే మిషన్ ఖర్చు 1,100 కోట్ల డాలర్ల దాకా అవుతుందని 2024లోనే నాసా చేతులెత్తింది. ఆ రాయి అక్కడ గొట్టంలో కూర్చుంది. ఇది కూడా వార్తే, ఏలియన్ బొమ్మ కంటే పెద్ద వార్త.

రెండో కోరిక, ఒకప్పుడు మీరు మొదటి పేజీలో వేసినదాన్ని తర్వాత ఎవరైనా కాదంటే దాన్ని కూడా వేయండి, మొదటి పేజీ వద్దు, 8వ పేజీలో నాలుగు లైన్లయినా చాలు. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి నేను చివరికి ఇదే చెప్పా, నీళ్ళు ఎక్కడికీ పోలేదమ్మా, పోయిన వార్తలే మనదాకా రాలేదు అని.

ఆఖరుగా ఆ బొమ్మ గురించి. భూమ్మీద జీవం ఉన్నట్టు ఆనవాళ్ళు 350 కోట్ల ఏళ్ళ నాటివి ఉన్నాయి, కంటికి కనిపించే జంతువులు వచ్చింది చివరి 60 కోట్ల ఏళ్ళలోనే, మిగతా కాలమంతా ఇక్కడ ఉన్నది బురద మీద పేరుకునే జిగట లాంటి సూక్ష్మజీవులే. వేరే చోట దొరికినా దొరికేది ఆ జిగటే అయ్యుంటుంది, దానికి కళ్ళుండవు. ఈసారి పచ్చ బొమ్మ బదులు క్యాసినీ తీసిన ఎన్‌సెలాడస్ ఫోటో వేయండి, నల్లటి ఆకాశంలో సన్నటి చందమామ అంచు, దాని మీంచి తెల్లగా లేస్తున్న నీటి జల్లులు, నాసా సైట్లో ఉంది, డబ్బులు కూడా కట్టక్కర్లేదు.

ఇట్లు,
మీ పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే ఒక పాఠకుడు