ఉభయకుశలోపరి

బెర్లిన్,
ఆదివారం రాత్రి.

పూజ్యురాలైన అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఈ మాట రాశాక కలం కాసేపు ఆగిపోయింది. ఇంట్లో ఇద్దరికి జ్వరాలున్నా, అప్పులవాడు అరుగు మీద కూర్చుని ఉన్నా, మామ్మ ఇన్‌లాండ్ కవరులో ముందు క్షేమమే రాయించేది. అసలు సంగతి చివర జిగురు అంటించే అంచు దగ్గర, చోటు చాలక ఇరుకైన అక్షరాలలో ఉండేది. నువ్వు పంపిన కథ మూడుసార్లు చదివిన తరువాత ఆ అంచే గుర్తుకు వచ్చింది.

నీ కథలో విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి వేటకు వెళ్ళిన కొడుకు తిరిగి రాలేదు. ఆ మాట చెబితే అత్త ప్రాణం నిలవదని భయపడిన కోడలు, అతడు గుజరాత్‌లోని వెరావల్‌కు వలస వెళ్ళాడని చెప్పి, రొయ్యల షెడ్డులో తాను సంపాదించిన డబ్బునే నెలనెలా అతడు పంపినట్టు అత్త చేతిలో పెడుతుంది. నోట్లకు పట్టిన నీచు వాసన పోవాలని ఆమె వాటిని ఒక్కొక్కటిగా విప్పి, రాత్రంతా పౌడరు డబ్బా కింద పరిచి ఉంచే ఘట్టం నీ కథ మొత్తానికీ గొప్పది. దానిలో ఒక్క అక్షరం కూడా మార్చవద్దు.

నా అభ్యంతరమంతా ఆ ముసలమ్మ విషయంలోనే. జాలారిపేటలో పుట్టి, అక్కడే మెట్టి, యాభై ఏళ్ళు వలల మధ్య బతికిన మనిషి ఆమె. మన తీరం నుంచి వెరావల్ వెళ్ళేవాళ్ళు ఆగస్టు ప్రాంతంలో బయలుదేరి వేసవిలో ఇళ్ళకు చేరుకుంటారని ఆ పేటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మన సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. పడమటి తీరంలో జూన్ నుంచి బోట్లు ఆగిపోతాయి. నీ కథలో అలాంటి వేసవులు రెండు గడిచిపోయాయి. అందరి కొడుకులూ వచ్చి గుమ్మాలలో కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటే, తన కొడుకు ఎందుకు రాలేదని ఆమె ఒక్కసారి కూడా అడగదు. అడగకపోవడానికి ఆమె అమాయకత్వమే కారణమన్నట్టు నువ్వు రాశావు. అది నాకు మింగుడుపడలేదు.

సావిత్రి కథ చూడు. ఏడాదిలో సత్యవంతుడు మరణిస్తాడన్న నారదుడి మాట ఆమె పుట్టింటి సభలో పలికినది. అడవిలో ఉన్న సత్యవంతుడికి అది తెలిసే దారే లేదు కనుక, తెలియకపోవడం వల్ల అతడు మన కళ్ళలో చిన్నవాడు కాడు. రోజులు లెక్కపెట్టుకుంటూ, చివరి మూడు రాత్రులు ఉపవాసంతో నిలబడి, నాలుగోనాడు గొడ్డలి పట్టుకుని బయలుదేరిన భర్త వెంట నడిచిన ఆమె మీదనే బరువంతా పడుతుంది. నీ కోడలు సావిత్రి వంటిదే, కాని నీ ముసలమ్మ సత్యవంతుడి వంటిది కాదు. తెలుసుకునే దారులన్నీ కళ్ళెదుట ఉన్న మనిషిని ఏమీ తెలియనిదానిగా చూపితే, కోడలి కంటె ముందు కథకురాలే ఆమెను మోసగించినట్టు అవుతుంది.

ఈ ఊరి కథే చెప్పే 'గుడ్‌బై లెనిన్' అనే 2003 నాటి జర్మన్ సినిమా ఒకటి ఉంది. 1989 అక్టోబరులో స్పృహ కోల్పోయిన తూర్పు బెర్లిన్ తల్లి ఎనిమిది నెలల తరువాత కళ్ళు తెరిచేసరికి గోడ కూలిపోయి ఉంటుంది. దిగ్భ్రాంతికి గురైతే గుండె ఆగుతుందని వైద్యుడు హెచ్చరించినందున, కొడుకు పాత దేశాన్ని ఆ ఒక్క గదిలో నిలబెడతాడు. పారేసిన పాత సీసాలను వెతికి తెచ్చి, కొత్త దోసకాయ ఊరగాయను వాటిలోకి మారుస్తాడు. (ఆవకాయ జాడీ మారిస్తే మన అమ్మ వాసన చూసే కనిపెట్టేసేది, అది వేరే సంగతి.) చివరికి కొడుకు స్నేహితురాలు లారా అతనికి తెలియకుండా ఆ తల్లికి నిజం చెప్పేస్తుంది. అయినా కొడుకు కల్పించిన ఆఖరి దొంగవార్తలను ఆమె నమ్మినట్టే కూర్చుని చూస్తుంది, వార్తలను కాక కొడుకు ముఖాన్ని చూస్తూ.

మనకు ఇది కొత్తేమీ కాదు. 2013లో ఆగిపోయే వరకు ఎన్ని టెలిగ్రాములు 'ఫాదర్ సీరియస్' అనే మాటతో రాలేదు! ఇచ్చినవాడికీ అందుకున్నవాడికీ దాని అర్థం తెలుసు. అయినా రైలు దిగి వీధి మలుపు తిరిగే వరకు ఆ కొడుకు 'సీరియస్' అన్న మాటనే పట్టుకుని ప్రయాణం చేసేవాడు.

ఇన్నేళ్ళూ నీకు చెప్పని ఒక సంగతి ఇప్పుడు చెబుతున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఫోన్లు పోయి, నాలుగో రోజు ఉదయం ఏడు గంటలకు నీ గొంతు వినిపించింది. డాబా మీద నీళ్ళ ట్యాంకు ఎగిరిపోయిందని, మన వీధిలో ఒక్క చెట్టు కూడా మిగలలేదని వివరంగా చెప్పావు. నాన్నగారికి ఫోను ఇమ్మంటే, "పడుకున్నారురా" అన్నావు. ఆ వేళకు పేపరు చదవకుండా పడుకుని ఉండడం ఆయన జన్మలో జరిగిందా? నీ వెనుక ఎవరో చక్రాల మంచం తోసుకుంటూ వెళ్ళిన చప్పుడు కూడా నాకు వినిపించింది. నేను ఇంకేమీ అడగలేదు, అడిగితే నువ్వు ఏడుస్తావు కనుక. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయన తల మీద కుట్ల మచ్చ చూసి అదిరిపడింది నటనే. నువ్వు మూడు నెలలు పడిన శ్రమ వృథా పోయిందని నీకు తెలియనివ్వడం నాకు ఇష్టం లేకపోయింది.

అందుకని నా మనవి ఇది. ముసలమ్మకు ముందే తెలుసునని చివరి వాక్యంలో విప్పకు; అది అరిగిపోయిన ఉపాయం. మొదటి వేసవి దాటగానే, కథ నడిమధ్యలోనే, పాఠకుడికి తెలియనివ్వు. ఆ తరువాత ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే గదిలో ఒకరి కోసం ఒకరు చేసే నటనే మిగిలిన కథ అవుతుంది. నోట్లకు అంటిన పౌడరు వాసన ఆమె ముక్కుకు తగిలినప్పుడు ఏం చేస్తుందో మాత్రం నేను ఊహించలేకపోయాను. అది నువ్వే రాయాలి.

బావగారు హార్బరు వైపు వెళ్ళినప్పుడు, వెరావల్ నుంచి మనవాళ్ళు ఏ రైలులో వచ్చి ఎక్కడ దిగుతారో అడిగి ఉంచమను. ముసలమ్మ ఒక్కసారైనా ఆ స్టేషనుకు వెళ్ళి నిలబడి ఉంటుందని నాకు అనిపిస్తోంది.

నీ తమ్ముడు