ఆదివారం ఆట: పొత్తుల సంగతి

అందరికీ నమస్కారం. ఆదివారం డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు పోషిస్తూ ఆడే ఆట) సెషన్‌లో పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడ్డ యోధుడు), రోగ్ (దొంగ), వార్లాక్ (మాంత్రికుడు) పాత్రల మధ్య పొత్తు మాటలు మొదలవుతాయి. ఒక్కటి గట్టిగా అడుగుతున్నాను: తోటి ఆటగాళ్ల పాత్ర మీద పర్సుయేషన్ (ఒప్పించే నైపుణ్యం) డైస్ వేసి ‘ఒప్పుకోవాల్సిందే’ అనొద్దు. అది ఆట నిర్వహించే వ్యక్తిగా నేను నడిపే కాపలాదారులకు, వ్యాపారులకు సరే. మీ పాత్ర నిర్ణయం మీదే. మాటలతోనే ఒప్పించండి. నిధి పంపకం ఎలా, మాట తప్పితే ఏంటి, ముందే తేల్చుకోండి.

నమ్మకం కుదరకపోతే పాలడిన్ దగ్గర జోన్ ఆఫ్ ట్రూత్ మంత్రం ఉందిగా. ఆట నియమాల ఐదో ఎడిషన్‌లో దాని పరిధి 15 అడుగుల వ్యాసార్ధం, పనిచేసేది 10 నిమిషాలు. సేవింగ్ త్రో (మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే డైస్) ఓడినవాళ్లు తెలిసి అబద్ధం చెప్పలేరు, కానీ జవాబు దాటవేయొచ్చు. కాబట్టి సూటి ప్రశ్నలు సిద్ధం చేసుకోండి, నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే!

రహస్య ఒప్పందాలుంటే శనివారం రాత్రిలోగా నాకు విడిగా మెసేజ్ పెట్టండి.