కిటికీ అంచు రంపపు పళ్లకు మందు శాంపిళ్లు కావు

సంపాదకులకు,

ఇంకా కట్టని గదిని కట్టినట్టే కంప్యూటర్‌లో చిత్రించి చూపే రెండరింగ్ గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నవాణ్ని కాబట్టి, మామూలు పాఠకుల కోసం ఈ సంగతులను ఇంత ఓపికగా వివరించినందుకు సంతోషించాను. అయితే అంచులు గరుకుగా వచ్చినా, మూలల్లో మరకలు పడినా, గోడల మీద చుక్కలు మెరిసినా అన్నింటికీ శాంపిళ్ల, అంటే ఒక్కో పిక్సెల్‌లో వెలుగును కొలిచే చోట్ల, సంఖ్య పెంచడమే మందు అని వ్యాసకర్త తేల్చేయడాన్ని మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. వ్యాసంతోపాటు అచ్చువేసిన గది చిత్రమే ఆ మాటకు ఎదురుసాక్ష్యం చెబుతోంది. అందులో కిటికీ చట్రం ఆకాశానికి ఆనుకున్నచోట రంపపు పళ్లలా ఉంది. అదే చిత్రంలో సోఫా అంచూ అలమర అంచూ నున్నగానే ఉన్నాయి. శాంపిళ్లు చాలకపోవడమే కారణమైతే అన్ని అంచులూ చెడి ఉండాలి.

కారణం అంచులో లేదు, వెలుగులో ఉంది. ఒక పిక్సెల్‌ రంగును నిర్ణయించేటప్పుడు రెండరర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ చిన్న గడి లోపల అనేక చోట్ల వెలుగును కొలిచి సగటు తీస్తుంది. తెర చూపగల తెలుపును 1 అనుకుంటే, కిటికీ బయటి ఆకాశం విలువ 50 దాకా ఉండవచ్చు, నీడలో ఉన్న చట్రం విలువ 0.2 ఉండవచ్చు. అప్పుడు గడిలో పదో వంతు మాత్రమే ఆకాశం పడినా సగటు 5.18 అవుతుంది, నూటికి రెండు వంతులు పడినా దాదాపు 1.2 దగ్గర తేలుతుంది. ఒకటి దాటినదంతా తెర మీద ఒకే తెలుపు కాబట్టి, ఆకాశం పిసరంత తాకిన గడి కూడా పూర్తిగా తెల్లబడిపోతుంది. చట్రానికీ ఆకాశానికీ నడుమ ఉండవలసిన బూడిద రంగు మెట్లు మాయమై, పళ్లు బయటపడతాయి. గడికి 16 శాంపిళ్లు తీసినా, 1,000 తీసినా ఈ సగటు మారదు. అదే జవాబు మరింత కచ్చితంగా వస్తుంది, అంతే.

ప్రతి శాంపిల్ వెలుగునూ సగటు తీయకముందే తెర పరిధికి కుదించడం దీనికి ఒక దారి. చాలా రెండరర్లలో ఆ సౌకర్యం ఏదో ఒక పేరుతో ఉంటుంది, అంచు వెంటనే నునుపెక్కుతుంది కూడా. కానీ ఆ కుదింపులో ఆకాశపు అసలు తీవ్రత ఫైల్‌లోంచి పోతుంది. తర్వాత ఎక్స్‌పోజర్ తగ్గించి చూస్తే కిటికీ వెలవెలబోయిన బూడిద రంగులో మిగులుతుంది, దీపాల చుట్టూ కాంతివలయం వేద్దామన్నా దానికి కావలసిన సరుకు ఉండదు. అందుకే నేను మరో దారిని ఇష్టపడతాను: గదిలోకి వచ్చే వెలుగును అలాగే ఉంచి, కెమెరాకు నేరుగా కనిపించే బయటి దృశ్యపు ప్రకాశాన్ని మాత్రం తగ్గిస్తాను. ఇది మోసమని కొందరు సహోద్యోగులు వాదిస్తారు. నడి ఎండలో 1,00,000 లక్స్ (వెలుగు కొలమానం), గదిలో కొన్ని వందల లక్స్ ఉన్నప్పుడు అసలు కెమెరా కూడా రెండింటినీ ఒకే ఎక్స్‌పోజర్‌లో సరిగా పట్టలేదు. ఫొటోగ్రాఫర్లు వేర్వేరు ఎక్స్‌పోజర్లు తీసి కలుపుకుంటారు. వాళ్లకు లేని మొహమాటం మనకెందుకో నాకు అర్థం కాదు.

చట్రం అంచు వెంట పళ్లకు బదులు సన్నని నల్ల గీత కనిపిస్తే ముందుగా ఫిల్టర్‌ను, అంటే సగటులో ఏ శాంపిల్‌కు ఎంత భారం ఇవ్వాలో నిర్ణయించే సూత్రాన్ని, అనుమానించాలి. లాంచోస్ వంటి పదునైన ఫిల్టర్లు కొన్ని శాంపిళ్లకు రుణాత్మక భారం ఇస్తాయి. పక్కనే 50 ఉన్నప్పుడు ఆ కొద్దిపాటి తీసివేత కూడా చట్రాన్ని సున్నా కిందికి లాగేస్తుంది. ఆకాశాన్ని తర్వాత విడిగా అతికించిన చిత్రాల్లో అయితే ఆల్ఫాను, అంటే వస్తువు ప్రతి పిక్సెల్‌ను ఎంత మేర కప్పిందో చెప్పే విలువను, చూడాలి. రంగును ఆల్ఫాతో ముందే గుణించి దాచిన ఫైల్‌ను గుణించనిదిగా తెరిస్తే గుణకారం రెండుసార్లు జరిగి నల్ల అంచు వస్తుంది, తిరగేసి చేస్తే తెల్ల అంచు వస్తుంది. 1984లో పోర్టర్, డఫ్ చిత్రాలను కలిపే పద్ధతిని సూత్రీకరించినప్పటి నుంచీ తెలిసిన ఈ సంగతి ఇప్పటికీ ఎన్నో గంటలు తినేస్తూనే ఉంది.

అచ్చయిన చిత్రంలో రెండో లోపం పైకప్పూ గోడా కలిసేచోట ఉంది. అక్కడ వెలుగు చారిక ఒకటి పాకుతోంది. అది అందంగానే ఉన్నందున దాచిన దీపమేమో అనుకునేవారు ఉంటారు, కానీ అది లైట్ లీక్. ఇది రెండు రకాలుగా వస్తుంది. మొదటిది, గోడకూ పైకప్పుకూ మధ్య నిజంగానే సందు ఉండటం. రెండోది, లెక్కలో వచ్చే సందు. 1988లో గ్రెగ్ వార్డ్, ఆయన సహచరులు ప్రతిపాదించిన ఇర్రేడియన్స్ క్యాషింగ్ పద్ధతిలో పరావర్తన కాంతిని కొన్ని బిందువుల దగ్గర మాత్రమే లెక్కగట్టి, మధ్య చోట్లకు వాటి నుంచి అంచనా వేస్తారు. గోడను మందం లేని రేకులా గీసినప్పుడు, దాని అవతలి వైపు ఎండలో ఉన్న బిందువు కూడా దగ్గరిదే కాబట్టి లోపలి అంచనాలో చేరిపోతుంది.

ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి చీకటి గది పరీక్షను మించింది లేదు. కిటికీలన్నింటినీ నల్లని పలకలతో మూసి, లోపలి దీపాలన్నీ ఆర్పి, బయట ఎండను మాత్రం ఉంచి రెండర్ చేయాలి. అప్పుడు ఎక్కడ వెలుగు కనిపిస్తే చిల్లు అక్కడే. తర్వాత అంచనా పద్ధతిని ఆపి, ప్రతి పిక్సెల్‌కూ విడిగా లెక్కించే పద్ధతిలో మళ్లీ చేయాలి. చారిక పోతే తప్పు అంచనాది, ఉంటే తప్పు మోడల్‌ది. రెండు సందర్భాల్లోనూ గోడలకు అసలు మందం ఇచ్చి, పైకప్పు పలకను గోడల బయటి ముఖం దాకా జరిపితే చాలావరకు తీరిపోతుంది. చారిక మీద మరో దీపం వేసి కప్పేయడం నేను చూశాను, ఒకప్పుడు నేనూ చేశాను. కెమెరా కోణం మార్చమని క్లయింట్ అడిగిన రోజున అది మళ్లీ బయటపడింది.

చుక్కల విషయంలో వ్యాసకర్త మాట కొంతవరకు నిజం. 1986లో కజియా రెండరింగ్ సమీకరణంతోపాటు చూపిన యాదృచ్ఛిక కిరణాల పద్ధతిలో నాయిజ్‌ను, అంటే ఈ చుక్కలను, సగానికి తగ్గించాలంటే శాంపిళ్లను నాలుగింతలు చేయాలి. నాలుగో వంతుకు తగ్గించాలంటే పదహారింతలు చేయాలి. గంటలో అయ్యే పని పదహారు గంటలు పడుతుందన్నమాట. అంత ఖర్చు పెట్టే ముందు నాయిజ్‌ను పుట్టిస్తున్నది ఏమిటో చూడటం న్యాయం. ఒకసారి రాత్రంతా కంప్యూటర్‌ను నడిపి, తెల్లవారి చూస్తే గోడ మీద చుక్కలు అలాగే ఉన్నాయి. కారణం, వేలాడే దీపంలో బల్బు చుట్టూ నేను గీసిన పారదర్శక గాజు గోళం. బల్బు వెలుగంతా ఆ గాజులో వంగి బయటికి రావలసి రావడంతో ఏ కొన్ని కిరణాలో అదృష్టవశాత్తు దారి దొరికి భగ్గుమంటున్నాయి. ఆ గాజు నీడ వేయకుండా అమర్చగానే, పాత శాంపిళ్లతోనే గోడ శుభ్రపడింది.

తెల్ల గోడల సంగతి అంతకంటే ముఖ్యం. గోడకు రంగు విలువ గరిష్ఠమైన 255 ఇచ్చారంటే, పడిన వెలుగునంతా అది తిరిగి ఇచ్చేస్తుందని అర్థం. లోకంలో అలాంటి సున్నం లేదు, పెయింటూ లేదు. మూసిన గదిలో గోడలు 80 శాతం వెలుగును తిప్పి పంపితే, అన్ని పరావర్తనాలూ కూడేసరికి అసలు వెలుగు సుమారు 5 రెట్లవుతుంది. 95 శాతం పంపితే 20 రెట్లవుతుంది. కిరణాలు ఎంతకీ చావవు, లెక్క ఎంతకీ తెగదు, నీడలు పాలిపోతాయి. అప్పుడు దీపాలు తగ్గిస్తారు, మూలలు నల్లబడతాయి, మళ్లీ పెంచుతారు. ఈ ఊగిసలాటకు గామా పొరపాటు, అంటే తెర విలువనే నిజమైన వెలుగుగా లెక్కించడం, కూడా తోడైతే చెప్పనక్కరలేదు. తెర విలువ 128 చూడటానికి సగం తెలుపులా ఉన్నా, నిజమైన వెలుగులో అది దాదాపు 22 శాతమే. ఈ తేడా తెలియని అమరికలో మూలలు మసిబారినట్టు కనిపిస్తాయి, లోపం దీపాలదే అనిపిస్తుంది.

ఇక అంచుల గురించి ఒక్క మాట. వ్యాసంలోని చిత్రంలో బల్ల అంచులు కత్తితో కోసినట్టున్నాయి. ఏ వస్తువుకైనా మిల్లీమీటరో రెండో అరుగుదల ఉంటుంది. ఆ సన్నని వంపే వెలుగును పట్టి రెండు ముఖాలను విడదీసి చూపుతుంది. ఆ చిన్న చాంఫర్ లేకపోతే ఎంత మంచి దీపాలు పెట్టినా బల్ల అట్టముక్కలా ఉంటుంది. దానిపై చుక్కలను తుడిచే డీనాయిజర్ నడిపితే చెక్క చారలూ గుడ్డ నేతా కూడా కరిగిపోతాయి. వస్తువు సొంత రంగును, నార్మల్‌ను (ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పే దిశను) విడి పొరలుగా డీనాయిజర్‌కు అందిస్తే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.

వ్యాసకర్తను నేను కోరేది చిన్న పని. అదే గదిని, అన్నే శాంపిళ్లతో, బయటి ఆకాశపు ప్రకాశాన్ని మాత్రం కెమెరాకు తగ్గించి మరోసారి రెండర్ చేయించి, పాత చిత్రం పక్కనే మీ పత్రికలో అచ్చువేయండి. కిటికీ చట్రం భాగాన్ని కాస్త పెద్దది చేసి వేస్తే పాఠకులకు తేడా తెలియడానికి నా ఉత్తరం కూడా అవసరం లేదు.

భవదీయుడు,
రెండరింగ్ వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు